సోనార్‌కి చేప పొడవు తెలుసు, పేరు తెలియదు: సాల్మన్ లెక్కల మీద అపోహలు – వాస్తవాలు

"అన్నా, నిన్న సోనార్ నంబర్ లక్ష దాటిందంట కదా! మేం బయల్దేరిపోతున్నాం."

అలాస్కాలోని కీనై నదిలో సోనార్‌తో, అంటే నీళ్లలోకి ధ్వని పంపి ప్రతిధ్వనితో చూసే యంత్రంతో, సాల్మన్ చేపల్ని లెక్కపెట్టడం నా పని. జులై మూడో వారంలో రాత్రి పదింటికి నాకొచ్చే ఫోన్లన్నీ ఇలాగే ఉంటాయి. అలాస్కాలో ఆ టైముకి ఇంకా వెలుతురే, కాబట్టి ఎవరికీ అది రాత్రిలా అనిపించదు. యాంకరేజ్‌లో ఉద్యోగాలు చేసుకునే మన కుర్రాళ్లు ఐస్ పెట్టెలు, పొడవాటి కర్ర వలలు కార్లో పడేసుకుని 250 కిలోమీటర్లు నడుపుకుంటూ కీనై నది ముఖద్వారానికి వస్తారు. నడుంలోతు చల్లటి నీళ్లలో ఆరేడు గంటలు నిలబడి, రెండు చేపలతో ఇంటికెళ్తారు. మర్నాడు నా మీద అలక. "లక్ష అన్నావు కదన్నా."

లక్ష నిజమే. కానీ సాకై సాల్మన్‌ని లెక్కపెట్టే సోనార్ ముఖద్వారం దగ్గర లేదు, నది వెంట 19 మైళ్లు ఎగువన ఉంది. అంటే ఆ లక్ష చేపలూ మీరు వల దించబోయే చోటుని ఒకటి రెండు రోజుల ముందే దాటేశాయి. బస్సు వెళ్లిపోయాక టికెట్ల లెక్క విని బస్టాండుకి పరిగెత్తితే ఏం లాభం? రాబోయేదేమిటో తెలుసుకోవాలంటే వేరే లెక్క ఉంది. కీనై కలిసే సముద్రపు పాయ కుక్ ఇన్‌లెట్‌లో, యాంకర్ పాయింట్ దగ్గర జులైలో రోజూ ఒక పడవ వెళ్లి వల వేసి చూస్తుంది. అది చూడండి, పోటు ఎప్పుడో చూడండి, ఆ తర్వాత కారు తాళాలు తియ్యండి.

ఈ అపోహ పెట్రోలు ఖర్చుతో పోతుంది. బతుకుల మీదికి వచ్చేది ఇంకొకటి ఉంది. నాకు అసలు విసుగు దాని మీదే.

అపోహ: స్క్రీన్ మీద చేప కనిపిస్తుంది కాబట్టి అది ఏ చేపో సోనార్‌కి తెలుసు

తెలియదు. పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నాకూ తెలియదు.

మా స్క్రీన్ మీద కనబడేది గర్భిణికి తీసే స్కానింగ్‌లా ఉంటుంది. బూడిదరంగు నేల, దాని మీద అరటికాయ ముక్కలా మెరిసే తెల్లటి ఆకారం, వెనకాల నల్లటి నీడ. తోక ఊపడం కనిపిస్తుంది. రంగు కనిపించదు, పొలుసు కనిపించదు, మచ్చలు కనిపించవు. నీటి అడుగున పెట్టిన డిడ్‌సన్ అనే సోనార్ 96 సన్నటి ధ్వని పుంజాల్ని 29 డిగ్రీల విస్తీర్ణంలో విసనకర్రలా పరిచి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులతో ఆ బొమ్మ గీస్తుంది. ఇప్పుడు వాడుతున్న ఎరిస్ దాని తర్వాతి తరం. అదీ గీసేది బొమ్మే. ఆ బొమ్మలో మేం నమ్మకంగా కొలవగలిగింది ఒక్కటే, పొడవు.

కీనైలో ఒకే నెలలో సాకై, కింగ్ అనే రెండు రకాల సాల్మన్‌లు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎక్కుతాయి. కింగ్ పెద్ద చేప. 1985లో ఇదే నదిలో గాలానికి పడ్డ కింగ్ 97 పౌండ్లు, అంటే 44 కిలోలు, ఇప్పటికీ ప్రపంచ రికార్డు. సాకై సాధారణంగా రెండున్నర, మూడు కిలోలు. అందుకని 14వ మైలు దగ్గర ఉన్న కింగ్ సోనార్‌లో, కంటి మధ్య నుంచి తోక చీలిక దాకా 75 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్నదాన్ని 'పెద్ద కింగ్' అని రాస్తాం. అంత పొడవు సాకై దాదాపు ఉండదు కాబట్టి ఆ గీత పనిచేస్తుంది. పేరు తెలియక పొడవుతో పేరు పెట్టుకున్నాం, అంతే.

మరి 75 లోపు ఉన్న కింగ్‌ల సంగతేంటి? ఉంటాయి. అవి సాకైల గుంపులో కలిసిపోతాయి. సోనార్ మాత్రమే ఉంటే వాటిని విడదీయలేం. నది మీద వలలు వేసి, పడ్డవాటిని చేత్తో పట్టుకుని చూసి, ఏ సైజులో ఎన్ని ఏ జాతివో నిష్పత్తి కడతాం. 19వ మైలు దగ్గర ప్రవాహానికి తిరుగుతూ చేపల్ని తోడి పట్టే చక్రం ఉంటుంది, అదీ ఇందుకే. సరి సంవత్సరాల్లో ఆగస్టులో పింక్ సాల్మన్ ఎగబడినప్పుడు ఆ చక్రమే లేకపోతే మా లెక్క గోవిందా.

ఇంతకు ముందు పరిస్థితి ఇంకా ఘోరం. 1980ల చివర్నుంచి కింగ్‌ల కోసం వాడిన పాత సోనార్‌కి బొమ్మే లేదు, ప్రతిధ్వని ఎంత గట్టిగా వస్తే చేప అంత పెద్దదని లెక్క. కానీ అడ్డంగా తిరిగిన సాకై, ఏటవాలుగా పోయే కింగ్ కన్నా గట్టిగా పలకగలదు. దాంతో సాకైలు కింగ్‌లుగా లెక్కలోకి ఎక్కేశాయి. సంగతి తేలాక ఆ పద్ధతిని పక్కన పెట్టారు. ఆ పాత అంకెల్ని ఇప్పటి అంకెల పక్కన పెట్టి "చూశారా, ఎలా పడిపోయాయో" అని వాట్సాప్‌లో గ్రాఫులు తిప్పేవాళ్లకి నా నమస్కారం. కింగ్‌లు తగ్గిన మాట నిజం, మీ గ్రాఫు మాత్రం తప్పు.

దీనివల్ల దెబ్బ తగిలేది ఎవరికి? ఒడ్డున వల కట్టుకుని బతికే సెట్‌నెట్ కుటుంబాలకి. వాళ్ల వలల్లో పడేది ఎక్కువగా సాకై, దాంతోపాటు కొన్ని కింగ్‌లు. కింగ్‌లు లక్ష్యానికి, అంటే వలలు తప్పించుకుని గుడ్లు పెట్టడానికి నది ఎక్కాల్సిన సంఖ్యకి, రావని తేలితే వాళ్ల వల మూత పడుతుంది. 2023లో తూర్పు తీరం సెట్‌నెట్ సీజన్‌ని మొదలవకముందే మూసేశారు. అదే వేసవిలో కీనైలోకి ఎక్కిన సాకైలు 20 లక్షలు దాటాయి. గుమ్మం ముందు నుంచి అన్ని చేపలు పోతుంటే వల మడతపెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ వేసవిలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన మా గుడారానికి వచ్చాడు. తండ్రి కాలం నుంచి అదే ఒడ్డున వల. అరవలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "నా వలలో పడిందంటే ఏ చేపో తాడు లాగుడులోనే తెలుస్తుంది. నీ పెట్టెకి నిజంగా తెలుసా?" అన్నాడు. తెలియదని చెప్పి, కుర్చీ జరిపి మౌస్ ఆయన చేతికిచ్చాను.

మేం చేసేదే చేయించాను. చేప వంగకుండా సాగి ఉన్న ఫ్రేము దొరికేదాకా వెనక్కీ ముందుకీ జరపాలి. ముక్కు మీద ఒక క్లిక్కు, ఒంటి వెంట రెండు మూడు, తోక దగ్గర ఆఖరిది. ఆయనకి 77 వచ్చింది. ఇంకోసారి కొలవమన్నాను. 73. అదే చేప, అదే చెయ్యి, ఒక్క నిమిషం తేడా.

"నాలుగు సెంటీమీటర్ల కోసం నా వల ఎండబెట్టారా?"

కాదు. పొడవు తెలిసిన చేపల్ని తాడు కట్టి సోనార్ ముందు ఈదించి, మా కొలత ఎంత తప్పుతుందో, ఎటువైపు తప్పుతుందో ముందే చూసుకుంటాం. చేప దూరమైనకొద్దీ పుంజాలు విడిపోయి బొమ్మ అలుక్కుపోతుంది, తప్పు పెరుగుతుంది. కానీ ఒక చేపలో పెరిగింది ఇంకో చేపలో తగ్గుతుంది, వేల చేపల మొత్తంలో అది చాలావరకు సర్దుకుంటుంది. సీజన్ మూసింది ఒక్క చేప చూసి కాదు, ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన లెక్క చూసి. ఇదంతా చెప్పాను. ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నాడని అనుకోను. కానీ ఆయన అడిగిన ప్రశ్న, మా లెక్కని గుడ్డిగా మెచ్చుకునేవాళ్లెవరూ అడగని సరైన ప్రశ్న.

ఇంకో చిక్కు కూడా ఉంది. అలాస్కాలో కింగ్‌లు చిన్నవైపోతున్నాయి, తక్కువ వయసులోనే సముద్రం నుంచి తిరిగొస్తున్నాయి. 75 దాటేవి తగ్గుతున్నాయి. "అంటే గీత కింద దాగినవాటిని మీరు లెక్కలోంచి తీసేస్తున్నట్టేగా?" అంటారు. ఒకరకంగా అవును. కానీ గుడ్లు ఎక్కువ మోసేది పెద్ద ఆడచేపలే. ఇందాక చెప్పిన లక్ష్యాన్ని (ఎస్కేప్‌మెంట్ లక్ష్యం అంటారు) కూడా పెద్ద కింగ్‌ల మీదే పెట్టారు, కాబట్టి గీత, లక్ష్యం ఒకే కొలబద్ద మీద ఉన్నాయి. మొత్తం కింగ్‌ల సంఖ్య అనుకుని ఆ అంకెని చదివితేనే గందరగోళం. ఎవరైనా "కింగ్‌లు ఇన్నే" అని రాస్తే ముందు 'పెద్ద' అన్న మాట ఉందో లేదో చూడండి.

అపోహ: మిషనే లెక్కపెట్టేస్తుంది, వీళ్లు ఏసీలో కూర్చుంటారు

మా అమ్మ మాట ఇది. ముత్తుకూరులో ఫిషరీస్ చదివించింది చెరువులు చూసుకుంటానని. "నీళ్లలో టీవీ చూస్తూ జీతం తీసుకుంటావేమిట్రా" అంటుంది. ఏసీ లేదమ్మా, దోమలు ఉన్నాయి.

గంటకి పది నిమిషాల రికార్డింగు చూసి, చేతిలో క్లిక్కర్‌తో లెక్కపెట్టి, దాన్ని ఆరుతో హెచ్చిస్తాం. ఇరవై నాలుగు గంటలూ, రెండు ఒడ్లకీ. సాకై ఒడ్డు పట్టుకుని ఎక్కుతుంది కాబట్టి సోనార్‌ని ఒడ్డున పెట్టి, దాని వెనక కంచె కట్టి, చేపల్ని బొమ్మలోకి తోస్తాం. రద్దీ రోజున పది నిమిషాల్లో వందలకొద్దీ చేపలు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. అక్కడ క్లిక్కర్ నొక్కే బొటనవేలికి మర్నాటిదాకా తిమ్మిరి. "పది నిమిషాలు చూసి గంట లెక్క ఎలా చెప్తారు?" అంటే, అలాస్కాలోనే ఉన్న బ్రిస్టల్ బే నదుల్లో కూడా ఇదే చేస్తారు. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి ఒడ్డున టవరెక్కి గంటకి పది నిమిషాలు కళ్లతో చూసి లెక్కపెడతారు. కీనైలో హిమానీనదాల బురద కలిసి నీళ్లు పాలు కలిపిన ఆకుపచ్చగా ఉంటాయి, కన్ను పనిచేయదు కాబట్టి సోనార్.

అపోహ: ఆ శబ్దానికి చేపలు బెదిరి వెనక్కి పోతున్నాయి

వినబడితే కదా బెదరడానికి. సాల్మన్‌కి వినబడేది సెకనుకి కొన్ని వందల కంపనాల దాకానే. మా సోనార్ నడిచేది లక్షల్లో, 11 లక్షలు, 18 లక్షలు. ముఖద్వారం దాకా వచ్చే బెలూగా తిమింగలాలకి కూడా అందని స్థాయి అది. ఇంతకు మించి దీని మీద రాయను.

అపోహ: కొత్త సోనార్ వచ్చాక అంకెలు పెంచి చూపిస్తున్నారు

1960ల నుంచి సాకైల కోసం వాడిన బెండిక్స్ అనే పాత సోనార్ యంత్రాన్ని తీసి డిడ్‌సన్ పెట్టినప్పుడు, రెండింటినీ పక్కపక్కన నడిపి చూస్తే కీనైలో కొత్తది దాదాపు 40 శాతం ఎక్కువ చేపల్ని లెక్కపెట్టింది. చేపలు పెరగలేదు, కన్ను మారింది. అందుకే పాత అంకెల్నీ, లక్ష్యాల్నీ కొత్త కొలతలోకి మార్చారు. కొలపాత్ర మారితే ధాన్యం పెరగదు, ఇది మన ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.

అపోహ: దిగువకి పోయి మళ్లీ ఎక్కిన చేపని రెండుసార్లు లెక్కపెడతారు

దిగువకి పోయినప్పుడు ఒకటి తీసేస్తాం. మొదటి సీజన్‌లో నాకు అది అలవాటు కాక ఒక రాత్రంతా ఒకే దాన్ని ఎక్కిస్తూ దింపుతూ కూర్చున్నాను. మీటరుకి పైనే ఉంది, ఎంత పెద్ద కింగో అని మురిసిపోయాను. తెల్లవారాక మా సీనియర్ వచ్చి రికార్డింగు చూసి, తోక కాదు కాళ్లు చూడమంది. బీవర్.