డెల్టా పట్టణాల్లో ఇళ్లు చేలల్లోకి ఎందుకు పోతున్నాయి: నిబంధనల నేపథ్యం

ఏ వీధిలో ఏమి, ఎంత కట్టవచ్చో చెప్పే పట్టణాల జోనింగ్ నిబంధనలను సవరించి, ఉన్న ఊళ్లోనే మరిన్ని ఇళ్లకు, రకరకాల ఇళ్లకు చోటివ్వాలన్న వాదనకు గోదావరి డెల్టాలో ప్రత్యేకమైన కారణం ఉంది. ఇక్కడ మెరక భూమి తక్కువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన తరువాత పల్లమంతా మాగాణి అయింది; ఊళ్లు కాలవగట్ల వెంట, పాత గ్రామకంఠాల మీద ఇరుకుగా పెరిగాయి.

ఆ ఇరుకులోనే ఒక పద్ధతి ఏర్పడింది. రాజమహేంద్రవరం, పాలకొల్లు, నరసాపురం పాత వీధుల్లో రెండిళ్లకు ఒకటే ఉమ్మడి గోడ, వీధివైపు అరుగు, ముందు కొట్టు, వెనక కాపురం, పైన అద్దెకిచ్చే మేడగది కనిపిస్తాయి. అన్నదమ్ములు పంచుకున్న మండువా లోగిలిలో వంటిళ్లు వేరైనా దొడ్డి, నుయ్యి ఉమ్మడిగానే ఉండేవి. అటువంటి ఇంటిని అదే స్థలంలో ఉన్నదున్నట్టు తిరిగి కడతామని ఇవాళ ప్లాన్ పెడితే, ముందు వదలవలసిన జాగా దగ్గరే అది ఆగిపోతుంది.

పట్టణ ప్రణాళికకు మూలమైన చట్టం 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం. రాష్ట్రాలు మారినా ఆంధ్ర ప్రాంతంలో అదే కొనసాగింది. దాని కింద తయారైన మాస్టర్ ప్లాన్లు ఊరిని నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ జోన్లుగా రంగులు వేసి విడదీశాయి. కొట్టూ కాపురమూ ఒకే కప్పు కింద ఉన్న వీధికి ఏ రంగు వేయాలో ఆ పటాలకు తోచినట్టు లేదు.

అసలు మలుపు 2006లో వచ్చింది. హైదరాబాదు కోసం ఆ ఏడాది ఇచ్చిన జీవో 86 స్థలానికీ కట్టుబడి విస్తీర్ణానికీ ఉండే నిష్పత్తి పరిమితిని తొలగించి, ఎత్తును రోడ్డు వెడల్పుకూ సెట్‌బ్యాక్‌లకూ (కట్టడం చుట్టూ ఖాళీగా వదలవలసిన జాగాకూ) ముడిపెట్టింది. 2012 నాటి జీవో 168, రాష్ట్ర విభజన తరువాత 2017లో వచ్చిన జీవో 119 ఇదే దారిని రాష్ట్రమంతటా కొనసాగించాయి. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనాన్ని హైరైజ్‌గా లెక్కించి, దానికి కనీసం 12 మీటర్ల రోడ్డు కావాలన్నారు. విశాలమైన రోడ్లున్న నగర శివార్లలో ఇది బిల్డర్లకు తలుపులు తెరిచింది. రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన పాత సందులో మాత్రం, రోడ్డు విస్తరణకు జాగా వదిలి, సెట్‌బ్యాక్‌లు తీసేశాక చిన్న స్థలంలో మిగిలేది తక్కువ. అగ్నిమాపక వాహనం తిరగాలన్న కారణం న్యాయమైనదే. అయితే ఒక అంతస్తు అదనపు ఇంటికీ బహుళ అంతస్తుల అపార్టుమెంటుకీ మధ్య ఉండవలసిన మెట్లను ఈ నిబంధనలు పెద్దగా పట్టించుకోలేదు.

అదే 2006లో వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చే చట్టం వచ్చింది. రుసుము కట్టి భూమి మార్చుకోవడం, ఊళ్లో అంతస్తు వేసుకోవడం కంటే సులువైంది. ఇళ్ల స్థలాల లేఅవుట్ కోసం పంట చేలో ఎర్ర గ్రావెల్ తోలి అడుగుల కొద్దీ మెరక చేస్తారు, రంగు వేసిన హద్దురాళ్లు పాతుతారు. మధ్యలో ఉన్న పంట బోదె పూడిపోతే పక్క చేలో నీళ్లు నిలుస్తాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వినిపించిన ఫిర్యాదుల్లో గిట్టుబాటు ధరతో పాటు మురుగు డ్రెయిన్ల దుస్థితి కూడా ఉంది. మాగాణిని మింగుతున్నది లేఅవుట్లే అనడం న్యాయం కాదు, భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల వాటా ఇంకా పెద్దది.

పట్టణాల్లో నిబంధనలకు లొంగని కట్టడాలను 2007 చివర వచ్చిన పీనలైజేషన్ పథకంతోనూ, 2015లో మళ్లీ తెచ్చిన దానితోనూ జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేశారు. నిబంధన ఎక్కడ ఇరుకుగా ఉందో ఆ దరఖాస్తులే చూపించగలవు. వాటి ఆధారంగా నిబంధనను సవరించే పని మాత్రం జరగలేదు.

ప్రభుత్వ గృహ పథకాలూ రెండు దిక్కులకు లాగాయి. పట్టణ పేదలకు ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను జీ ప్లస్ త్రీ (కింద ఒకటి, పైన మూడంతస్తుల) బ్లాకులుగా కట్టింది. తక్కువ నేలలో ఎక్కువ కాపురాలు సర్దడం ఆ పద్ధతి సుగుణం, చాలాచోట్ల ఊరి అంచున ఉండడం దాని లోపం. 2020లో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున విడి స్థలాలిచ్చారు. 2025 నాటి విధానం వాటిని రెండు, మూడు సెంట్లకు పెంచింది. సెంటులో కాపురం కష్టమన్న మాట నిజమే, కానీ విడి ఇళ్లకు నేల రెట్టింపు కావాలంటే డెల్టాలో అది దాదాపుగా చేలల్లోంచే రావాలి.

కాబట్టి ఇక్కడ సవరణ అంటే ఎత్తు పెంచడం ఒక్కటే కాకుండా ఉమ్మడి గోడ ఇళ్లకు అనుమతి, కొట్టు మీద కాపురానికి గుర్తింపు, పాత సందుల్లో రెండు మూడంతస్తులకు సెట్‌బ్యాక్ సడలింపు వంటి చిన్న విషయాలను కూడా చేర్చాలి. భూగర్భ మురుగునీటి వ్యవస్థ లేని, సెప్టిక్ ట్యాంకుల మీద నడిచే పట్టణంలో వీధికి పది కాపురాలు పెరిగితే ఆ మురుగు చివరికి పంట కాలవలోకే చేరుతుంది గనుక, ఏ వీధికి ఎంత సడలింపు ఇవ్వాలన్నది రోడ్డు వెడల్పుతో పాటు డ్రెయిన్ సామర్థ్యాన్నీ కొలిచి తేల్చవలసి ఉంటుంది.