మధ్యస్థ ధర ల్యాప్‌టాప్: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నలభై, యాభై వేల రూపాయలకు కొన్న 15.6 అంగుళాల యంత్రాలే. పగలు ఆఫీసు పనికో, దుకాణం లెక్కలకో, పిల్లల చదువుకో వాడి, రాత్రికి ఒక సినిమా చూసుకునే ఇళ్లలోవి. కొనే ముందు ఫోన్ చేసి సలహా అడిగేవారందరూ ప్రాసెసర్ గురించే అడుగుతారు. రెండేళ్ల తర్వాత ప్రాసెసర్ పాడైందని వచ్చినవారు మాత్రం నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తగిలారు. తెర బాగాలేదనీ, మూత ఊడిందనీ, పని నెమ్మదించిందనీ వస్తారు. అంటే డబ్బాపై అతికించిన స్టిక్కర్‌లో ఉన్న సంగతుల కంటే, అందులో లేని సంగతులే ఇలాంటి ల్యాప్‌టాప్ మంచిచెడులను తేలుస్తాయన్నమాట.

అపోహ: ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 ఎప్పుడైనా మేలు.

వాస్తవం: ఒకే తరానికి చెందిన, ఒకే రకం ప్రాసెసర్ల మధ్య ఈ మాట చాలావరకు నిజమే కానీ, తరం మారితే లెక్క తలకిందులవుతుంది. 2016లో వచ్చిన ఐ7-7500యులో ఉన్నవి రెండే కోర్‌లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విడి భాగాలు). 2022 నాటి ఐ3-1215యులో ఆరు ఉన్నాయి. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో ఇంకో చిక్కు ఉంది. రైజెన్ 5 7520యు, 7530యు అనే రెండు పేర్లూ కవలల్లా కనిపిస్తాయి, కానీ వాటిలో చూడవలసింది మూడో అంకె. అక్కడ 2 ఉంటే లోపలిది 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం, 3 ఉంటే ఆ తర్వాతి జెన్ 3. మొదటిదానిలో నాలుగు కోర్‌లు, రెండోదానిలో ఆరు. బ్రౌజర్‌కూ ఎక్సెల్‌కూ 7520యు సరిపోతుంది, నేను కాదనను. అయితే దానితో వచ్చే ర్యామ్ (తెరిచిన పనులను అప్పటికి పట్టి ఉంచే మెమరీ) మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి, అంటే ఊడదీయలేనట్టు అతికించి ఉంటుంది కాబట్టి, కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

అపోహ: ఇప్పటికి 8 జీబీ ర్యామ్‌తో తీసుకుంటే చాలు, అవసరమైతే తర్వాత పెంచుకోవచ్చు.

వాస్తవం: పెంచుకునే వీలుందో లేదో కొనే ముందే తెలుసుకోవాలి. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలునని రాసి ఉంటుంది, కానీ అది యంత్రం తెరుచుకోవడానికి సరిపోయే లెక్క మాత్రమే. బ్రౌజర్‌లో పది, పన్నెండు ట్యాబ్‌లు, పక్కన ఒక వీడియో కాల్, వెనక ఎక్సెల్ ఉంటే 8 జీబీ నిండిపోయి, మిగిలిన భారం ఎస్‌ఎస్‌డీ మీద, అంటే ఫైళ్లు దాచే, ర్యామ్ కంటే నెమ్మదైన డ్రైవ్ మీద పడుతుంది. అప్పటినుంచే ‘నెమ్మదించింది’ అన్న ఫిర్యాదు మొదలవుతుంది.

దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ పేజీ చూడండి. ‘ఫామ్ ఫ్యాక్టర్’ అన్నచోట ఎస్‌ఓడిమ్ అని ఉంటే అది ఊడదీసి మార్చగల ర్యామ్; ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే బోర్డుకు అతికినది. అక్కడే ఉండే స్లాట్ల లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకండి, సోల్డర్ చేసిన ర్యామ్‌నూ కొన్నిసార్లు స్లాట్‌గానే చూపిస్తుంది. కొన్ని మోడళ్లలో 8 జీబీ బోర్డు మీదే ఉండి, పక్కన ఒక ఖాళీ స్లాట్ కూడా ఉంటుంది. ఈ ధరలో నాకు నచ్చే ఏర్పాటు అదే.

ర్యామ్ ఎంత ఉందన్నదే కాక ఎన్ని ముక్కలుగా ఉందన్నదీ ముఖ్యమే, ఎందుకంటే ఈ ల్యాప్‌టాప్‌లలో విడి గ్రాఫిక్స్ కార్డు ఉండదు, తెరపై బొమ్మ గీసే పని కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకాయన ఐ5-1235యు యంత్రం తెచ్చి, ‘పేపర్ మీద ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని రాశారు, లోపల యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తోంది, నన్ను మోసం చేశారండీ’ అని నా ముందు కూర్చున్నారు. వెనక మూత విప్పితే రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉంది. అదే వేగం ఉన్న ఇంకో 8 జీబీ ముక్క పెట్టి ఆన్ చేసేసరికి, డివైస్ మేనేజర్‌లో పేరు దానంతటదే ఐరిస్ ఎక్స్‌ఈగా మారింది. ఆ చిప్ రెండు ఛానెళ్లలో, అంటే ప్రాసెసర్‌కు వెళ్లే రెండు దారుల్లోనూ ర్యామ్ ఉన్నప్పుడే ఆ పేరు చూపిస్తుంది. పేరు మారితే ఏం వచ్చిందని ఆయనే అడిగారు. చిన్న చిన్న గేమ్‌లలోనూ, వీడియో ఎడిటింగ్‌లోనూ ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

అపోహ: ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంటే తెర మంచిదే.

వాస్తవం: ఫుల్ హెచ్‌డీ అన్న మాట చుక్కల సంఖ్యనే చెబుతుంది. అదీ అవసరమే, ముఖ్యంగా తెలుగు చదివేవారికి: 15.6 అంగుళాల తెరపై 1366×768 ఉంటే చిన్న అక్షరాల కింద ఒత్తులు అలుక్కుపోయి కనిపిస్తాయి, 1920×1080లో విడివిడిగా నిలుస్తాయి. కానీ వెలుగు, రంగు, చూసే కోణం అన్నవి వేరే సంగతులు. టీఎన్ అనే చవక రకం ప్యానెల్ అయితే మూత కాస్త వెనక్కి వంచగానే బొమ్మ వెలిసిపోతుంది. మంచం మీద నలుగురు కూర్చుని సినిమా చూస్తే మధ్యలో ఉన్నవారికే సరైన రంగు దక్కుతుంది. కాబట్టి పక్క నుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ ప్యానెల్ అడగండి. ఐపీఎస్‌లోనూ చవక రకాలకు ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ (తెర చూపగల రంగుల పరిధికి కొలత) అని ఉంటుంది. వాటిలో కుంకుమ రంగు పట్టుచీర ఇటుక రంగుకు దిగిపోతుంది. బట్టల ఫొటోలు పెట్టి అమ్మేవారు ఇలాంటి తెరను నమ్ముకుంటే సరుకు వాపసు వస్తుంది. వెలుగు 250 నిట్స్ ఉంటే గదిలో చాలు, కిటికీ పక్కన కూర్చుంటే 300 కావాలి.

అపోహ: పైన లోహంలా మెరుస్తోంది కాబట్టి గట్టిది.

వాస్తవం: చాలావాటికి ఆ మెరుపు రంగు మాత్రమే, కింద ఉన్నది ప్లాస్టిక్. నా దగ్గరికి వచ్చే భౌతిక నష్టాల్లో మొదటి స్థానం హింజ్‌లదే, అంటే మూత తిరిగే కీళ్లదే. మూత లోపల ప్లాస్టిక్‌లో పప్పుబద్దంత ఇత్తడి నట్లు పొదిగి ఉంటాయి, హింజ్ స్క్రూలు వాటిలోకే బిగుస్తాయి. హింజ్ బిగుసుకుపోయాక, ఒక మూల పట్టుకుని మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా ఆ నట్ల మీదే పడి, చివరికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా ఊడి వస్తాయి. మూసినప్పుడు ఒక మూల సన్నటి సందు కనిపించడం, తెరిచేటప్పుడు ‘టిక్’ మనడం దీనికి ముందస్తు గుర్తులు. ఆ దశలోనే తెస్తే హింజ్ వదులు చేసి పంపుతాను. ఇంట్లో క్షణాల్లో అంటుకునే జిగురు పోసి తెచ్చేవారూ ఉన్నారు. అది కారి తెర కేబుల్‌ను పట్టుకుంటే మూతతోపాటు తెర ఖర్చూ తోడవుతుంది. ఇలా విరిగినదాన్ని వారంటీ కిందికి సాధారణంగా తీసుకోరు.

అపోహ: ఎస్‌ఎస్‌డీ 512 జీబీ అని చెప్పి 476 ఇచ్చారు.

వాస్తవం: ఎవరూ కొట్టేయలేదు. కేబీ, ఎంబీ, జీబీ అని ఎక్కే ఒక్కో మెట్టునూ తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తాయి, అందుకే అంకె తగ్గి కనిపిస్తుంది.

అపోహ: పది గంటల బ్యాటరీ అన్నారంటే కనీసం ఎనిమిదైనా వస్తుంది.

వాస్తవం: గంటల మాట వదిలి వాట్-అవర్ అంకె, అంటే బ్యాటరీలో పట్టే శక్తి కొలత అడగండి. ఈ ధరలో 42 వాట్-అవర్ బ్యాటరీ తరచుగా కనిపిస్తుంది. రాత, చదువు వంటి తేలిక పనికి యంత్రం ఎనిమిది వాట్లు తీసుకుంటే అయిదు గంటలు దాటుతుంది. వెలుగు పూర్తిగా పెంచి వీడియో కాల్‌లో పదిహేను వాట్లు తీసుకుంటే మూడు గంటలైనా రాదు. రోజంతా ఛార్జర్‌కే తగిలించి వాడేవారు, ఆ సౌకర్యం ఉన్న మోడల్ అయితే 80 శాతం దగ్గర ఆగేలా అమర్చుకోవాలి, ఎందుకంటే నిండుగా ఉండటం, వేడి కలిసినప్పుడు లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

అపోహ: అదే డబ్బుకు పాత ఆఫీసు ల్యాప్‌టాప్ కొనడం ఎప్పుడూ లాభమే.

వాస్తవం: వాటి హింజ్‌లూ కీబోర్డులూ కొత్త చవక యంత్రాల కంటే గట్టివి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్నవాటిని, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. ఏడో తరం యంత్రంలో ఎలాగోలా ఎక్కించి అమ్ముతున్నారంటే, రేపు అప్‌డేట్ ఆగితే ఆ తలనొప్పి మీదే. తరం సరిపోతే, డబ్బు ఇచ్చే ముందు విండోస్‌లోని బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని మిల్లీవాట్-అవర్లలో రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 50,000, రెండోది 27,000 అని కనిపిస్తే, కొత్త బ్యాటరీ ధర తీసేసి అక్కడి నుంచి బేరం మొదలుపెట్టండి.