పాత బండి సైలెన్సర్ లైన్ సొంతంగా మార్చుకోవడం: అపోహలు – వాస్తవాలు

పాత కార్ల కింద పడుకుని పని చేయడమే నా వృత్తి. సైలెన్సర్ సొంతంగా మార్చుకుందామని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, సగం ఊడదీసిన బండిని లాక్కొచ్చేవాళ్లు తరచూ కనిపిస్తుంటారు. వాళ్లకు పని చేతకాక అలా జరగదు. ఎవరో చెప్పిన మాట నమ్మి, బలం చూపించకూడని చోట చూపించేస్తారు, అంతే. ఈ పనిలో కొత్త పైపు బిగించడం చాలా తేలిక. కష్టమంతా పాతది ఊడదీయడంలో ఉంటుంది, అందులోనూ ఇంజిన్ పక్కన మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వచ్చే పొగను పోగుచేసి పైపులోకి పంపే భాగం) దగ్గరుండే ఆ నాలుగైదు స్టడ్‌లూ (నట్టు ఎక్కించే, తల లేని మరల కడ్డీలు), నట్లతోనే. వెనక భాగాన్ని మీరు ఎంత మొరటుగా లాగినా, కోసినా నష్టం లేదు, ఎలాగూ పాత ఇనుముకి పోయేదే. ముందు భాగం దగ్గర మాత్రం తొందరపడితే పైపుతో పోయే పని ఇంజిన్ హెడ్ దాకా వెళ్తుంది. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

అపోహ: తుప్పు బయట నుంచే పడుతుంది, హీట్ పెయింట్ వేస్తే ఆగిపోతుంది

బయట నుంచి కూడా పడుతుంది, కాదనను. రోడ్డు మీది నీళ్లు, బురద, సముద్రపు గాలి, మంచు కురిసే చోట్ల రోడ్డు మీద చల్లే ఉప్పు, అన్నీ తింటాయి. కానీ సైలెన్సర్ డబ్బాను ఎక్కువగా తినేది లోపలి తేమ. పెట్రోల్ మండినప్పుడు నీళ్లు పుడతాయి, ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు ఆవిరిగా ఆ పైపులోంచే వెళ్తాయి. దూరం నడిచే బండిలో పైపు చివరి దాకా వేడెక్కుతుంది కాబట్టి ఆవిరి బయటికి పోతుంది. రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేసే బండిలో వెనక డబ్బా వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది, ఆవిరి నీళ్లుగా మారి అందులోనే నిలుస్తుంది, పొగలోని గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ నీళ్లలో కలిసి ఆమ్లం తయారవుతుంది. బయట నిగనిగలాడుతున్న డబ్బాను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోవడానికి కారణం ఇదే. పెయింట్ దాని అందానికి పనికొస్తుంది, ఆయుష్షుకి కాదు.

ఇక్కడే ఇంకో మాట. చాలా సైలెన్సర్ డబ్బాలకు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. అది తుప్పు చిల్లు అనుకుని వెల్డింగ్ పెట్టించేవాళ్లున్నారు. నీళ్లు కారిపోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిన దారి అది, మూసేయకండి.

అపోహ: చిల్లు పడితే శబ్దం పెరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు

దయచేసి ఈ మాట నమ్మకండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. పాత బండికి ఫ్లోర్ కూడా తుప్పు పట్టి ఉంటుంది, గేర్ లివర్ కింది రబ్బరు చిరిగి ఉంటుంది, డిక్కీ తలుపు సీలింగ్ వదిలేసి ఉంటుంది. కింద లీకైన పొగకి ఇవన్నీ తెరిచిన తలుపులే. బండి నడుపుతుంటే తలనొప్పి వచ్చి, దిగి కాసేపు బయట తిరిగితే తగ్గిపోతోందంటే నిద్ర చాలలేదనుకుని ఊరుకోకండి, ముందు బండి కిందికి చూడండి. లీకున్న బండిలో పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి దూరప్రయాణాలకు వెళ్లొద్దు. పని చేసేటప్పుడు కూడా మూసిన షెడ్డులో ఇంజిన్ స్టార్ట్ చేయకండి, షట్టర్ సగం తెరిచి ఉందిగా అని ధైర్యపడకండి.

అపోహ: స్ప్రే కొట్టి, పొడవాటి పైపు తగిలించి తిప్పితే ఏ నట్టయినా వచ్చేస్తుంది

వస్తుంది, చాలాసార్లు స్టడ్‌లో సగంతో కలిసి వస్తుంది.

ముందు స్ప్రే సంగతి. అందరి దగ్గరా ఉండే మామూలు డబ్ల్యూడీ-40 1953లో తేమను తరమడానికి తయారుచేసిన మిశ్రమం. తేలికపాటి తుప్పుకి పనికొస్తుంది గానీ, ఏళ్ల తరబడి ఎర్రగా కాగి చల్లారిన నట్టుకి పెనెట్రేటింగ్ ఆయిల్ అని విడిగా అమ్మేది వాడండి. ఏది వాడినా కొట్టిన ఐదు నిమిషాలకే పానా పట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు. ముందు వైర్ బ్రష్‌తో స్టడ్ మరల (నట్టు తిరిగే గాడుల) మీది తుప్పు గీకండి, తర్వాత కొట్టండి, రాత్రంతా వదిలేయండి, కుదిరితే రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం కొడుతూ ఉండండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సుమా, వేడి మేనిఫోల్డ్ మీద పడితే అంటుకుంటుంది.

పానా విషయంలో, ఆరు మూలల సాకెట్ తప్ప ఇంకేదీ పెట్టకండి. పన్నెండు మూలలది తుప్పుతో అరిగిన నట్టు మూలల్ని గుండ్రంగా చేసేస్తుంది, ఆ తర్వాత దాన్ని పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మొదట వదులు చేసే వైపు కాకుండా, బిగించే వైపు ఒక వెంట్రుకవాసి కదపండి. తుప్పు పట్టు అక్కడ తెగుతుంది. తర్వాత పావు చుట్టు వదులు చేయండి, మళ్లీ కొంచెం బిగించండి, ఆయిల్ కొట్టండి, మళ్లీ వదులు చేయండి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

చెయ్యి చెప్పేది వినడం కూడా నేర్చుకోవాలి. నట్టు నిజంగా వదిలేటప్పుడు 'టక్' మని గట్టి శబ్దం వస్తుంది, పానాలో ఆ దెబ్బ తెలుస్తుంది, ఆ తర్వాత కిర్రుమంటూ తిరుగుతుంది. తెగబోయే స్టడ్ అలా కాదు. శబ్దం లేకుండా మెత్తగా, తడి గుడ్డ పిండుతున్నట్టు సాగుతూ తిరుగుతుంది. ఆ మెత్తదనం చేతికి తగిలిన క్షణమే ఆపేయాలి. ఇంకో పావు చుట్టుకి స్టడ్ తెగి నట్టుతో సహా చేతికొస్తుంది. అక్కడ ఆపితే ఇంకా దారులున్నాయి: నట్ స్ప్లిటర్‌తో నట్టును చీల్చేయొచ్చు, వేడి పెట్టొచ్చు, లేదా నట్టును పక్క నుంచి స్టడ్‌కి తగలకుండా గ్రైండర్‌తో కోసేయొచ్చు. పది నిమిషాల పని.

తెగిపోతే ఏంటి? చాలామంది వెంటనే ఎక్స్‌ట్రాక్టర్ (తెగిన ముక్కలోకి దించి బయటికి తిప్పే పనిముట్టు) కొనుక్కొచ్చి బిగిస్తారు. అది గట్టి ఉక్కు, పెళుసు కూడా. తెగిన స్టడ్ లోపల అదీ విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు. కాస్త ముక్క బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించడం నాకు తెలిసిన వాటిలో మేలైన పద్ధతి. పట్టుకోవడానికి తల దొరుకుతుంది, ఆ వేడికి తుప్పు పట్టూ వదులుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదనిపిస్తే మెషీన్ షాపు వాళ్లకు అప్పగించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: గ్యాస్ మంట పెడితే చాలు, పని అయిపోతుంది

వేడి మంచి మందే. నట్టును ఎర్రగా కాలిస్తే వ్యాకోచించి పట్టు వదులుతుంది, కొంచెం చల్లారాక మరల దగ్గర కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి లోపలికి దిగిపోతుంది, నూనె వెళ్లని చోటికి అది వెళ్తుంది. అయితే మంట పెట్టే ముందు చుట్టూ చూడాలి. పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు, వైరింగ్, సీటు కింద కార్పెట్, ఇవన్నీ అరచేతి దూరంలోనే ఉంటాయి. ఆయిల్ కొట్టి ఉంటే శుభ్రంగా తుడిచేయాలి, పక్కనే మంటలార్పే సిలిండర్ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ పెట్టకండి. ఆ రసాయనం వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వాడిన వాయువు అదే. క్లీనర్ డబ్బా మీద ఏం రాసుందో చదివాకే చేతిలోకి తీసుకోండి.

అపోహ: పాత పైపును జాయింట్ల దగ్గర జాగ్రత్తగా విప్పాలి

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) తర్వాతి భాగమంతా మారుస్తున్నారా? కోసిపారేయండి. హ్యాక్‌సా, గ్రైండర్, ఏదైనా సరే. తుప్పుతో ఒకటైపోయిన క్లాంపుతో గంటలు గంటలు పోరాడటం దండగ. ఒకే ఒక్క చోట జాగ్రత్త కావాలి: ఒక పైపులో ఇంకోటి దూరి ఉండి, లోపలిది మీరు ఉంచుకోవాలనుకుంటే, పై పైపును పొడుగునా చీల్చి ఉలితో విప్పదీయాలి, బ్లేడు లోపలి పైపుకి తగలకూడదు. వేలాడదీసే రబ్బర్లను లాగి చించకుండా సబ్బు నీళ్లు రాస్తే జారి వచ్చేస్తాయి. అయినా పాత రబ్బర్లు మళ్లీ వాడొద్దు, కొత్తవే వేయండి. ఒక్క రబ్బరు సాగినా బరువంతా పక్క జాయింట్ మీద పడుతుంది.

కళ్లద్దాలు లేకుండా కిందికి వెళ్లొద్దు. తుప్పు పెచ్చులు సరిగ్గా కంట్లోనే పడతాయి. బాగా పాత బండ్ల గ్యాస్కెట్లలో (జాయింట్ల మధ్య పొగ లీకవకుండా పెట్టే పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, వాటిని పొడిగా గీకి దుమ్ము లేపకుండా తడిపి తీయండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు, ఒక్క నిమిషానికైనా సరే. గట్టి నేల, చక్రాలకు అడ్డు, సరైన చోట స్టాండ్లు. ఇవి సమకూరకపోతే ఆ రోజుకి పని వాయిదా వేయండి.

అపోహ: లీకు ఎక్కడున్నా సీలెంట్ పూస్తే సరిపోతుంది

పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండిలో ఈ అలవాటు ఖరీదైనది. పైపులో పొగ దడదడా విడతలుగా వెళ్తుంది, రెండు విడతల మధ్య లోపల ఒత్తిడి తగ్గి లీకులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్‌కి ముందు ఇలా జరిగితే గాలి ఎక్కువైందని అది కంప్యూటర్‌కి చెప్తుంది, కంప్యూటర్ ఇంధనం పెంచుతుంది, మైలేజ్ పడిపోతుంది, కన్వర్టర్ అతిగా వేడెక్కుతుంది. కాబట్టి సెన్సర్‌కి ముందున్న జాయింట్లకు కొత్త గ్యాస్కెట్ వేసి, ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులు వేసే పళ్లెం) ముఖాలు శుభ్రం చేసి బిగించడమే సరైన పని. మామూలు సిలికాన్ సీలెంట్ ఆవిరి సెన్సర్‌ని పాడుచేస్తుంది. ఎక్జాస్ట్ పేస్ట్ అంటారే, అది వెనకవైపు ఒకదానిలో ఒకటి దూరే జాయింట్లకు వాడుకోండి. సెన్సర్ తిరిగి బిగించేటప్పుడు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్ట్) మరలకే పూయాలి, కొనకు తగలనివ్వొద్దు.

అపోహ: స్టెయిన్‌లెస్ వేస్తే ఇక తుప్పే పట్టదు

ఏ స్టెయిన్‌లెస్? ఎక్జాస్టుల్లో ఎక్కువగా వాడే 409 రకంలో క్రోమియం సుమారు 11 శాతమే. దానికి అయస్కాంతం అంటుకుంటుంది, పైన గోధుమ రంగు తుప్పూ వస్తుంది, కానీ మామూలు ఇనుము కన్నా చాలా కాలం నిలుస్తుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది. అల్యూమినియం పూత ఉన్న ఉక్కు మధ్యస్థం, కానీ కోసిన చోట, వెల్డ్ చేసిన చోట పూత పోతుంది, తుప్పు అక్కడ్నుంచే మొదలవుతుంది. ఇంకో అయిదేళ్లు నడుపుదామనుకునే బండికి అల్యూమినైజ్డ్ చాలని నా అభిప్రాయం.

అపోహ: ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ (పొగకి ఎదురొచ్చే ఒత్తిడి) కావాలి; ఇంకోటి, కన్వర్టర్ తీసేస్తే పవర్ పెరుగుతుంది

రెండూ తప్పే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కి కావలసింది ఒత్తిడి కాదు, పొగ తగిన వేగంతో బయటికి పోవడం. పైపు మరీ లావైతే ఆ వేగం తగ్గి కింది ఆర్‌పీఎమ్‌లో లాగుడు పోతుంది, దాన్ని చూసి బ్యాక్ ప్రెషర్ తగ్గిందంటారు. కంపెనీ ఇచ్చిన సైజే వేయండి. ఇక బాగున్న కన్వర్టర్ పీకేయడం చాలా దేశాల్లో నేరం, గాలికీ చేటు, మీకు దక్కేది మోత తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

అపోహ: ముందు నుంచి ఒక్కో జాయింట్ గట్టిగా బిగించుకుంటూ రావాలి

వరస ముందు నుంచే, బిగింపు మాత్రం చివర్లో. అన్ని ముక్కలూ చేతి బిగువులో తగిలించి, రబ్బర్లకు వేలాడదీసి, పైపును అటూ ఇటూ తిప్పి, ఫ్లోర్‌కి, యాక్సిల్‌కి, హ్యాండ్ బ్రేక్ కేబుల్‌కి కనీసం బొటనవేలంత ఎడం ఉండేలా సర్దాకే ముందు నుంచి వెనక్కి గట్టిగా బిగించండి. మొదటే బిగిస్తే చివరి డబ్బా వంకరగా నిలుస్తుంది, దాన్ని బలవంతంగా రబ్బరుకి తగిలిస్తే ముందు ఫ్లాంజ్ దగ్గర చీలుతుంది. మధ్యలో జాలీ అల్లిన ఫ్లెక్స్ పైపు తెగిపోయి ఉంటే కొత్తది వేసే ముందు ఇంజిన్ మౌంటింగ్‌లు చూడండి. అవి పోయి ఉంటే ఇంజిన్ ఊగుడికి కొత్తదీ తెగుతుంది. రేకు హీట్ షీల్డులు గలగలమంటున్నాయని పారేయకండి, కొత్త క్లాంపుతో బిగించండి. ఎండుగడ్డి మీద ఆపిన బండ్లు అంటుకోకుండా కాపాడేవి అవే.

అంతా అయ్యాక ఇంజిన్ చల్లగా ఉండగానే, ఆరుబయట స్టార్ట్ చేసి, జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు కొట్టండి, లీకుంటే బుడగలొస్తాయి. మొదటిసారి వేడెక్కినప్పుడు కొత్త పైపు మీది నూనె కాలి పొగ, వాసన వస్తాయి, కాసేపటికి తగ్గిపోతాయి, కంగారు పడొద్దు. బండి రెండు మూడుసార్లు బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ కిందికి వెళ్లి క్లాంపులూ ఫ్లాంజ్ బోల్టులూ ఒకసారి పానా వేసి చూడండి, గ్యాస్కెట్లు సర్దుకుని కొంచెం వదులయ్యే ఉంటాయి.