ఓటేసిన తర్వాత 22 రోజులు

2024 మే 13న ఊరెళ్లి ఓటేసి కూకట్‌పల్లి తిరిగొచ్చిన మా బాబాయికి జూన్ 4 దాకా సరిగ్గా నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి చూస్తే హాల్లో చీకట్లో ఫోన్ వెలుగు మొహమ్మీద పడుతూ ఏవో సర్వే వీడియోలు చూస్తుండేవాడు, పొద్దున పిన్ని ఇచ్చిన టీ మీగడ కట్టిపోయినా ముట్టేవాడు కాదు. "గెలుపోటములు పక్కన పెట్టరా, ముందు ఏదో ఒకటి తేలిపోతే బాగుండు" అనేవాడు.

ఆ మాట అక్షరాలా నిజం. 2016లో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు, 45 మంది కంప్యూటర్ గేమ్‌లో రాళ్లెత్తాలి, కింద పాముంటే చేతికి కరెంట్ షాక్. షాక్ ఖాయం అని తెలిసినప్పటి కంటే, తగుల్తుందో లేదో ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నప్పుడే చెమటలు, టెన్షన్ ఎక్కువ.

తేలని విషయాన్ని మెదడు ప్రమాదం కిందే లెక్కేస్తుంది, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ వదుల్తాయి, గుండె దడ, కడుపులో తిప్పడం అన్నీ అందుకే. ఒళ్లేమో పరుగుకి రెడీ, కానీ పరిగెత్తేదెక్కడికి, ఓటు ఈవీఎంలో పడిపోయింది, ఈవీఎం స్ట్రాంగ్‌రూమ్‌లో ఉంది.

ఇక ఫోన్. ఆ ఎన్నికల్లో జూన్ 1 సాయంత్రం దాకా ఎగ్జిట్ పోల్స్ చూపించకూడదని రూలు, అంటే అప్పటిదాకా బాబాయ్ రాత్రుళ్లు చూసినవన్నీ ఎవరి ఊహలు వాళ్లవి, ఎంత చూసినా కొత్తగా తెలిసేదేం లేదు, టెన్షన్ మాత్రం పెరిగేది. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత అమెరికాలో చేసిన స్టడీలో, రోజుకి ఆరు గంటలు పైన ఆ వార్తలే చూసినవాళ్లకి అక్కడ స్వయంగా ఉన్నవాళ్ల కంటే ఎక్కువ స్ట్రెస్ కనిపించింది. అలాగని టీవీ కట్టేయమంటే ఎవరూ వినరు, నేనూ వినను. టైం పెట్టుకోవడం కుదురుతుంది. కౌంటింగ్ ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది, తొలి రౌండ్ల ఆధిక్యం తర్వాత తారుమారు కావచ్చు, అందుకే పిన్ని పదకొండు దాకా రిమోట్ దాచేసి ఆయన్ని పార్కుకి నడిపించింది. దడ వచ్చినప్పుడు ఊపిరి పీల్చిన దానికంటే మెల్లగా వదిలితే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఐదు నిమిషాలు చేసినా తేడా తెలుస్తుంది. ఇవేవీ పనిచేయక నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతింటే 14416కి కాల్ చేయండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

జూన్ 4న బాబాయ్ పార్టీ ఓడిపోయింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకే పడుకున్నాడు, పొద్దున పిన్ని లేపేదాకా లేవలేదు.