ఉప్పునీళ్లు కూడా బంగారంలాగే మోగుతాయి

2020 నవంబర్‌లో నివర్ తుఫాను వెళ్లాక కాకినాడ దగ్గర ఉప్పాడ బీచ్‌లో జనం బంగారం ఏరుకున్న వీడియోలు చాలామంది చూసే ఉంటారు, గవ్వలు ఏరినట్టు వంగి చేత్తో ఇసక కెలుకుతూ, దొరికినవి కూడా పూసలంత చిన్న చిన్న ముక్కలే. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది, ఇళ్లూ గుళ్లూ మునిగిపోయాయి, ఆ సొత్తే ఒడ్డుకి కొట్టుకొస్తోందని ఊళ్లోవాళ్ల మాట. అది చూసినప్పట్నుంచీ మా బావది ఒకటే గోల, "ఒరేయ్, ఓ మెటల్ డిటెక్టర్ కొనేద్దాం" అని.

సరే అని తెలిసినవాళ్ల దగ్గర ఒక మామూలు సింగిల్ ఫ్రీక్వెన్సీ మిషన్ (కరెంటు సెకనుకి ఒకే లెక్కన అటూఇటూ ఊగేది) అడిగి తెచ్చి ముందు ఇంట్లోనే చూశాం. బావ ఉంగరానికి జానెడు దూరం నుంచే ఖంగుమంది. మా అక్క గొలుసు ఉంగరం కంటే బరువే కానీ దాన్ని కాయిల్‌కి, అంటే మిషన్ కింద ఉండే తీగచుట్ట పళ్లేనికి, దాదాపు ఆనిస్తే తప్ప ఉలకలేదు, అదీ కొక్కెం దగ్గర మాత్రమే. ఎందుకంటే డిటెక్టర్‌కి బరువుతో పనిలేదు, కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం లోహంలో కరెంటుని గుండ్రంగా తిప్పాలి, ఆ సుడి ఎంత పెద్దదైతే మోత అంత గట్టిది. ఉంగరం ఒకటే పెద్ద చుట్టు. గొలుసేమో వందల బుల్లి చుట్లు, దేని సుడి దానిదే, మిషన్‌కి అది గొలుసులా కాదు ఒక్కో లింకులా కనిపిస్తుంది. (1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్ఫీల్డ్ ఒంట్లో తూటా వెతకడానికి గ్రాహంబెల్ ఇలాంటి మిషనే పట్టుకెళ్తే పరుపులోని స్టీలు స్ప్రింగులు దాన్ని తికమక పెట్టాయంటారు, మేం చెక్కమంచం మీద చూశాం లెండి.)

బీచ్‌కి వెళ్లాక అసలు కథ. పొడి ఇసకలో బానే ఉంది, కెరటం తడిపిన ఇసక మీదకి రాగానే ఆగకుండా మోగుడే. బావ మూడు గోతులు తవ్వాడు, మూడింట్లోనూ నీళ్లే. సముద్రపు నీరు మంచినీళ్ల కంటే వంద రెట్లకి పైగా కరెంటుని మోస్తుంది, కాబట్టి తడి ఇసకంతా మిషన్‌కి పల్చటి లోహంలా అనిపిస్తుంది, పైగా అది మోగే తీరు సరిగ్గా చిన్న బంగారం మోగే తీరుకి దగ్గర. చిక్కంతా ఇక్కడే.

చిన్న బంగారంలో సుడి కొన్ని మైక్రోసెకన్లలో చచ్చిపోతుంది, దాన్ని పట్టాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. ఫిషర్ గోల్డ్ బగ్ 2 లాంటిది 71 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, కొండల్లో వాగుల్లో గింజంత బంగారాన్ని కూడా పడుతుంది, కానీ ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ ఉప్పునీళ్ల గోల కూడా పెరుగుతుంది. అంచేత బంగారం మిషన్ అని పేరుంది కదా అని దాన్ని కొని బీచ్‌కి వెళ్తే డబ్బు నీళ్లపాలే.

పల్స్ ఇండక్షన్ రకం ఒకటుంది. కరెంటుని టక్కున కట్ చేసి కాసేపాగి వింటుంది, ఈలోపు ఉప్పు సద్దు అణిగిపోతుంది. ఇనుప ఖనిజం కలిసిన నల్ల ఇసకని కూడా పెద్దగా పట్టించుకోదు, భీమిలి తీరంలో ఉండేలాంటి నల్ల ఇసక మీద అది చిన్న విషయం కాదు. కానీ ఎక్కువసేపు ఆగితే బుల్లి బంగారం కూడా ఉప్పుతో పాటే అణిగిపోతుంది, పైగా ఇనుమేదో బంగారమేదో దానికి దాదాపు తెలీదు. ఇళ్లు కూలి కలిసిపోయిన ఉప్పాడలో మేకులూ ఊచ ముక్కలూ ఎన్నుంటాయో ఊహించుకోండి, సాయంత్రానికి నడుం విరగడం ఖాయం.

నా ఓటు మాత్రం ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడే రకానికే, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, నోక్తా లెజెండ్, ఎక్స్‌పీ డియస్ 2 ఇలాంటివి, నీళ్లలో మునిగినా పర్లేదు, బీచ్ మోడ్ ఉంటుంది. ఉప్పు ఒక ఫ్రీక్వెన్సీలో ఎంత పలికింది ఇంకోదాంట్లో ఎంత పలికింది అని పోల్చి ఆ వాటా తీసేస్తాయి. తీసేటప్పుడు ఉప్పుకి దగ్గరగా పలికే బంగారం కూడా కొంత పోతుంది, అది తప్పదు.

కాయిల్ చిన్నది వేసుకోండి, ఆరంగుళాలది. పెద్దది లోతుకి చూస్తుందంటారు నిజమే కానీ అంతకంత తడి ఇసకని కూడా చూస్తుంది. చిన్న ముక్క విషయంలో లోతు లెక్క ఘోరంగా ఉంటుంది, కాస్త దూరం దాటాక దూరం రెట్టింపైతే సిగ్నల్ 64 వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది, అందుకే కాయిల్‌ని ఇసకకి రాసుకునేంత దగ్గరగా ఊపాలి. ఇంక కిలోమీటరు దూరం నుంచే బంగారం చూపిస్తామనే యాంటెన్నా కడ్డీల వీడియోలు ఉన్నాయే, అవి మోసం, అంతే.

సిగరెట్ పెట్టెలో రేకు, మాత్రల స్ట్రిప్పు రేకు కూడా చిన్న బంగారంలాగే మోగుతాయి. రేకుల మోత వద్దని డిస్క్రిమినేషన్ (కొన్ని రకాల మోతల్ని వినపడకుండా చేసే సెట్టింగ్) పెట్టేస్తే బంగారాన్నీ వద్దన్నట్టే, తవ్వాల్సిందే. ఒకవేళ పాతకాలం నిధిలాంటిదేదైనా తగిలితే 1878 నాటి చట్టం ఒకటుంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి.

కొనేముందు ఒక్క పరీక్ష. చెవిదిద్దు శీలకి నైలాన్ దారం కట్టి, తడి ఇసకలో రెండు వేళ్ల లోతున పాతి, ఆ మిషన్ దాని మీద పలుకుతుందో లేదో చూడండి. మేం ఈ పరీక్ష చేశాం, దారం కట్టడమే మర్చిపోయాం, అక్క ఇంకా బావతో మాట్లాడట్లేదు.