సిరిమాను ఊరికి డ్రోన్ షో రావాలంటే

2024 అక్టోబర్ 22 రాత్రి విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు కృష్ణమ్మ మీద బొమ్మలు గీశాయి. మన పైడితల్లమ్మ పండక్కీ అలాంటిది పెట్టొచ్చు కదా అని విజయనగరంలో ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టొచ్చు. కాకపోతే ఆ పర్మిషన్ల వెనక పదేళ్ల పైబడ్డ కథ ఉంది.

2014 అక్టోబర్‌లో దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఒక్క నోటీసుతో ప్రైవేటు డ్రోన్లన్నీ ఆపేసింది. 2018 డిసెంబర్ 1 నుంచి షరతులతో తలుపు తెరిచింది. 2021 మార్చిలో వచ్చిన రూల్స్‌లో ఫారాలే 25. ఆ జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో దాడి జరిగింది. ఇక బిగించేస్తారనుకుంటే, రెండు నెలలకే, ఆగస్టులో, ఫారాలు అయిదుకు తగ్గిస్తూ కొత్త రూల్స్ తెచ్చారు! మరుసటి జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో వెయ్యి డ్రోన్లు ఎగిరాయి.

ఇప్పటికీ నడుస్తున్నవి ఆ ఆగస్టు రూల్సే. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల దాకా ఎగరొచ్చు. ఎయిర్‌పోర్టుకు 12 కిలోమీటర్ల లోపైతే లెక్క మారుతుంది. ఆ చిక్కు కొత్త ఎయిర్‌పోర్టు చోటైన భోగాపురం వైపు ఊళ్లకే, విజయనగరం టౌన్‌కి కాదు. టౌన్‌లో అసలు కీలకం పోలీసులది. ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నైనా ఒకేసారి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే డ్రోన్లు ఎగరకూడని చోటుగా, ప్రకటించవచ్చు. పండగలో పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను నాటి జనాన్ని చూసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా రోడ్డు మీదే కాదు, మేడల మీదా మనుషులే. వాళ్ల నెత్తిన డ్రోన్లు ఎగరేస్తామంటే ఎలా కుదురుతుంది?

పైగా పండగ తరచూ అక్టోబర్‌లో వస్తుంది, అది తుఫాన్ల కాలం. 2018లో తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని తాకింది అక్టోబర్ 11నే. అసలే షో డ్రోన్లు తేలికవి, గాలి పెరిగితే షో ఆపేయడమే.

మరి అమ్మవారి విగ్రహం దొరికిన పెద్ద చెరువు మీద పెడితే? నీళ్ల మీదైతే కింద మనుషులుండరు, నిజమే. కానీ 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఓర్లాండోలో షో జరిగిందీ చెరువు మీదే. దారి తప్పిన డ్రోన్ ఒకటి గట్టు మీదున్న ఏడేళ్ల పిల్లాడికి తగిలి, గుండెకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇక్కడ పర్మిషన్ అడిగేవాళ్లు ముందు తేల్చాల్సింది, పెద్ద చెరువు గట్టు మీద జనాన్ని ఎంత దూరంలో ఆపుతారన్నది.