బురదలో ఊపిరి తీసే తామర

తామరాకు మీద నీటిబొట్టు అంటదని అందరికీ తెలుసు. ఎండ బాగా కాసే వేళ చెరువు ఒడ్డున కూర్చుని ఇంకోటి కూడా చూడండి. నీటికి పైగా లేచిన ఆకు నడిమధ్యన, ఈనెలన్నీ కలిసేచోట, లేతరంగు బిళ్లలాంటి మచ్చ ఉంటుంది. దాని మీద కాసిన్ని నీళ్లు పోస్తే, ఆ నీళ్లలోంచి బుడగలు లేస్తాయి. అది ఆకు లోపలి నుంచి వస్తున్న గాలి.

తామర దుంప ఉండేది నీళ్లు నిలిచిన బురదలో. అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు, మామూలు మొక్కల వేళ్లయితే కుళ్లిపోతాయి. తామర ఊపిరి బాధ్యత ఆకుదే. ఎండకు ఆకు లోపల వేడి, తేమ పెరిగి, సన్నటి రంధ్రాల్లోంచి బయటి గాలి లోపలికి చేరి ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడికి గాలి కాడలోని గొట్టాల వెంట దుంపదాకా దిగి, వేరే గొట్టాల్లోంచి పైకొచ్చి, ఆ మచ్చ దగ్గర బయటపడుతుంది. కాడను అడ్డంగా కోసి చూస్తే గొట్టాల నోళ్లు గుండ్రంగా కనిపిస్తాయి. కోయకుండా విరిచి మెల్లగా లాగితే సాలెదారం లాంటి పోగులు సాగుతాయి. చిన్నపిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఈ సంగతి అర్థమైతే పెంపకంలో సగం టెన్షన్ పోతుంది. దుంపను లోతులో కాకుండా ఒడ్డు వాలులో, పైన జానెడు నీళ్లు కూడా మించని చోట నాటాలి. తొలి ఆకులు త్వరగా పైకి చేరితేనే దుంపకు గాలి అందుతుంది. ఆకులు లేచాక నీరు పెరిగినా తట్టుకుంటుంది. ఎండిన కాడల్ని నీటి మట్టానికి కింద కోయకూడదు, గొట్టాల్లోకి నీరు దిగుతుంది. దుంప కొస మొలకను విరగనీయకండి, కొత్త ఎదుగుదలంతా దాని నుంచే. బంకమట్టి కావాలి, రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. దుంపలు వేగంగా పాకి చెరువంతా కమ్ముకుంటాయి కనుక, చిన్న చెరువైతే వెడల్పాటి తొట్టిలో నాటి, తొట్టినే నీళ్లలో దించడం మేలు.

గింజలతోనూ పెంచవచ్చు. కానీ పెంకు రాయంత గట్టిది, నీరు లోపలికి పోదు. ఒక చివర గరుకు రాయి మీద అరగదీసి నానబెడితేనే మొలుస్తుంది. ఆ పెంకు ఎంత గట్టి కాపలాయో ఈశాన్య చైనాలో ఎండిపోయిన ఒక సరస్సు అడుగున దొరికిన గింజలు చెప్పాయి. వాటిలో మొలకెత్తిన ఒకదాని వయసు సుమారు 1,300 ఏళ్లని 1995లో ప్రచురించిన పరిశోధన తేల్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పువ్వు వేడి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చేసిన కొలతల ఫలితాలు 1996లో వెలువడ్డాయి. బయట చలి 10 డిగ్రీలకు పడిపోయిన వేళ కూడా తామర పువ్వు లోపల 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంది, అదీ రెండు నుంచి నాలుగు రోజులపాటు. పువ్వు తనలోని పిండిపదార్థాన్ని మండించి ఈ వేడి పుట్టిస్తుంది. చల్లటి రాత్రి రేకులు ముడుచుకుంటే, లోపలికి చేరిన పెంకుపురుగులు వెచ్చగా తిరుగుతుంటాయి. పుప్పొడిని అందుకునే కీలాగ్రం మొదట సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. తెల్లారి రేకులు విచ్చుకున్నాక ఆ పురుగులు ఒళ్లంతా పుప్పొడితో బయటికొచ్చి, అప్పుడే విచ్చుకుంటున్న ఇంకో పువ్వు మీద వాలతాయి.